మూడు సర్వర్లలో ఒకే డేటా: లీడర్, కోరం, రాఫ్ట్, సీఆర్‌డీటీ... మీకు ఏది సరిపోతుంది?

డేటాని ఒకటికంటే ఎక్కువ సర్వర్లలో పెట్టాలని టీమ్ అనుకున్న రోజే "పోస్ట్‌గ్రెస్ చాలదా, కసాండ్రాకి వెళ్దామా, ఎట్‌సీడీ పెడదామా" అనే చర్చ మొదలవుతుంది (మూడూ డేటా దాచే సాఫ్ట్‌వేర్లే), కాసేపట్లో అది ప్రొడక్ట్ పేర్ల మీద వాదనగా మారిపోతుంది. నన్నడిగితే పేర్లు పక్కనపెట్టి ముందు ఒక ప్రశ్నకి జవాబు రాసుకోమంటాను: సర్వర్ల మధ్య నెట్‌వర్క్ తెగిన ఆ నిమిషంలో యూజర్‌కి "ఇప్పుడు కుదరదు" అని ఎర్రర్ చూపించడం నయమా, లేక కాస్త పాత సమాచారమైనా చూపించి, రాసింది తీసుకుని, తర్వాత సర్దుకోవడం నయమా? ఈ జవాబు మొత్తం అప్లికేషన్‌కి ఒకటే ఉండదు, టేబుల్ టేబుల్‌కీ మారుతుంది. ఇంత చిన్న విషయం పట్టించుకోకపోవడం వల్లే అవసరం లేనిచోట భారీ సిస్టమ్, అవసరమైనచోట బలహీనమైన సిస్టమ్ వచ్చి కూర్చుంటాయి.

మాట గాల్లో ఉండకుండా ఒక బస్సు టికెట్ల సైట్ అనుకుందాం, హైదరాబాద్ నుంచి విజయవాడకి. అందులో సీటు కేటాయింపు ఉంది, వాలెట్‌లో డబ్బు ఉంది, బస్సుల టైమింగులు, ధరలు ఉన్నాయి, రేటింగులు ఉన్నాయి, "ఈ ట్రిప్‌కి ఇప్పటిదాకా ఎన్ని వ్యూస్" అనే కౌంట్ ఉంది. 14వ నంబర్ సీటు ఇద్దరికి అమ్మితే మియాపూర్‌లో బస్సెక్కే దగ్గర గొడవ. వ్యూస్ 212 బదులు 209 చూపిస్తే ఎవరికీ ఏమీ కాదు. ఈ రెండింటికీ ఒకే గ్యారంటీ ఇవ్వాలనుకుంటే ఏదో ఒకదాని దగ్గర నష్టపోతాం.

క్యాప్ సిద్ధాంతం గురించి ఒక్క మాట: కన్సిస్టెన్సీ (అందరికీ ఒకే తాజా డేటా), అవైలబిలిటీ (ప్రతి రిక్వెస్ట్‌కీ జవాబు), నెట్‌వర్క్ తెగినా నడవడం, ఈ మూడింటికీ ఒకేసారి గ్యారంటీ ఇవ్వలేం. ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పిన ఊహని 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించారు. దాన్ని "మూడింటిలో ఏ రెండైనా ఎంచుకోండి" అని చెప్తుంటారు గానీ నెట్‌వర్క్ తెగడం మనం ఎంచుకునేది కాదు, అది దానంతటది జరుగుతుంది. జరిగినప్పుడు కన్సిస్టెన్సీ కావాలా, అవైలబిలిటీ కావాలా అన్నదే మన చేతిలో ఉంది. ఏ సమస్యా లేని మామూలు రోజుల్లో కూడా ఇంకో బేరం ఉందని డేనియల్ అబాడీ తర్వాత గుర్తుచేశాడు: గట్టి కన్సిస్టెన్సీ కావాలంటే లేటెన్సీ, అంటే జవాబు వచ్చేదాకా ఆగే సమయం, కట్టాలి. నా దృష్టిలో రోజువారీ డిజైన్‌కి ఇదే ఎక్కువ పనికొస్తుంది. అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్లు, అంటే డేటా సెంటర్ల సముదాయాలు, ఉన్నాయి. ఈ రెండు ఊళ్ల మధ్య గాల్లో దూరం సుమారు 620 కిలోమీటర్లు, ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు, అంటే కేబుల్ తిన్నగా వేసినా పోయి రావడానికి 6 మిల్లీసెకన్లు తప్పదు, నిజంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. మీ కోడ్ ఒక రిక్వెస్ట్‌లో ఒకదాని తర్వాత ఒకటి 20 సార్లు రాస్తూ ప్రతిసారీ అవతలి ఊరి జవాబు కోసం ఆగితే 120 మిల్లీసెకన్లు అక్కడే పోయాయి. అదే అవతలి రెప్లికా (డేటా కాపీ ఉన్న సర్వర్) అమెరికా తూర్పు తీరంలో ఉంటే ఒక్కో రైట్‌కే 130 దాటుతుంది. ఏ అల్గారిథమ్ తెచ్చినా ఈ లెక్క మారదు.

ఒక లీడర్, కొందరు ఫాలోవర్లు

చాలామందికి కావాల్సింది ఇదే. రైట్లన్నీ ఒకే సర్వర్‌కి వెళ్తాయి, మిగతావి దాని లాగ్‌ని, అంటే మార్పుల వరుస జాబితాని, కాపీ చేసుకుంటాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తున్నాయి, నడపడం తెలిసినవాళ్లు దొరుకుతారు, ఏదైనా విరిగితే ఎక్కడ చూడాలో అందరికీ తెలుసు. 14వ నంబర్ సీటు సమస్య ఇక్కడ ఒక్క లైన్‌లో తీరిపోతుంది: ట్రిప్ ఐడీ, సీటు నంబర్ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెడితే రెండో ఇన్సర్ట్ ఫెయిల్ అవుతుంది, అంతే.

ఎంచుకోవాల్సింది లోపల ఉంది: ఫాలోవర్‌కి చేరకముందే "సరే, రాశాను" అని చెప్పాలా, చేరాకే చెప్పాలా? ముందే చెప్పే ఎసింక్ పెడితే వేగం బాగుంటుంది, కానీ లీడర్ హఠాత్తుగా పోతే చివరి క్షణాల్లో ఓకే చెప్పిన రైట్లు మాయమవుతాయి. చేరాకే చెప్పే సింక్ పెడితే ఆ భయం పోతుంది, కానీ ఒకే ఒక్క ఫాలోవర్ మీద ఆధారపడితే అది డౌన్ అయిన క్షణంలో మీ రైట్లన్నీ ఆగిపోతాయి. అందుకే సింక్ కావాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇద్దరు ఫాలోవర్లని పెట్టి, వాళ్లలో ఎవరో ఒకరు ఒప్పుకుంటే చాలనే సెట్టింగ్ పెట్టమని. పోస్ట్‌గ్రెస్‌లో ఇది వెర్షన్ 10 నుంచి ఉంది. మైఎస్‌క్యూఎల్ సెమీ-సింక్ వాడేవాళ్లు ఒక సంగతి తప్పకుండా చూసుకోండి: ఫాలోవర్ నుంచి జవాబు రాకపోతే డిఫాల్ట్‌గా 10 సెకన్లు ఆగి, తర్వాత మామూలు ఎసింక్‌లోకి జారిపోతుంది. మనకి సింక్ ఉందనే ధీమాలో మనం ఉంటాం, సరిగ్గా అవసరమైన రోజున అది ఉండదు.

ఇక అసలు కష్టం ఫెయిలోవర్ దగ్గర, అంటే లీడర్ పోతే ఇంకో సర్వర్‌ని లీడర్ చేసే దగ్గర. లీడర్ చచ్చిపోయిందా, లేక దానికీ మనకీ మధ్య నెట్‌వర్క్ పోయిందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. దీనికి నేను చూపించే కేస్ కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌ది, వాళ్లే వివరంగా బయటపెట్టారు. 2018 అక్టోబర్ 21న పాడవుతున్న ఒక ఆప్టికల్ పరికరాన్ని మార్చే రొటీన్ మెయింటెనెన్స్‌లో అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల నెట్‌వర్క్ హబ్‌కీ ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య కనెక్షన్ 43 సెకన్లు పోయింది. మైఎస్‌క్యూఎల్ క్లస్టర్లని చూసుకునే ఆర్కెస్ట్రేటర్ అనే టూల్ రాఫ్ట్ అనే ఓటింగ్ అల్గారిథమ్ మీద నడిచేది. మిగిలిన నోడ్లకి (సర్వర్లకి) మెజారిటీ దొరికింది కాబట్టి అది నిబంధనల ప్రకారమే పశ్చిమ తీరంలోని సర్వర్లని కొత్త లీడర్లుగా చేసింది. ఈలోగా తూర్పున కొన్ని రైట్లు పడి ఉన్నాయి, అవి పశ్చిమానికి చేరలేదు. కనెక్షన్ తిరిగొచ్చాక పశ్చిమంలో కొత్త రైట్లు పడటం మొదలైంది. ఇప్పుడు రెండు చోట్లా అవతల లేని డేటా ఉంది, దేన్నీ తుడిచేయలేరు. పైగా అప్లికేషన్ తూర్పున, లీడర్ పశ్చిమాన ఉండేసరికి ప్రతి రైట్ దేశం దాటి వెళ్లాల్సి వచ్చింది, చాలా సర్వీసులు ఆ ఆలస్యాన్ని తట్టుకోలేకపోయాయి. డేటా పోకూడదని వాళ్లు నెమ్మదిగా, జాగ్రత్తగా కోలుకునే దారి ఎంచుకున్నారు. మొత్తం 24 గంటల 11 నిమిషాలు సర్వీస్ దెబ్బతింది.

ఇక్కడ గమనించాల్సింది, ఓటింగ్ భాగం సరిగ్గానే పని చేసింది. ఎవరు లీడర్ అన్న నిర్ణయం కన్సెన్సస్‌తో (మెజారిటీ ఒప్పందంతో) జరిగింది, డేటా కాపీ మాత్రం ఎసింక్‌గా జరిగింది, ఈ రెంటి మధ్య ఉన్న సందులోంచే నష్టం వచ్చింది. కాబట్టి ఆటోమేటిక్ ఫెయిలోవర్ పెట్టేటప్పుడు దాన్ని ఒకే రీజియన్‌లోని జోన్ల (విడివిడి డేటా సెంటర్ల) వరకే ఉంచండి. వేరే ఊరికి మారడం మాత్రం మనిషి చూసి నొక్కే బటన్‌గా ఉండనివ్వండి. చిన్న టీమ్‌లకి ఇది ఇంకా గట్టిగా చెప్తాను.

కోరం: లీడర్ లేకుండా

2007లో అమెజాన్ వాళ్లు డైనమో పేపర్‌లో చూపించిన దారి ఇది, కసాండ్రా దీన్నుంచే చాలా తీసుకుంది. ఎన్ రెప్లికాలు ఉంటాయి, రాసేటప్పుడు డబ్ల్యూ మంది ఒప్పుకోవాలి, చదివేటప్పుడు ఆర్ మందిని అడగాలి, ఆ కనీస సంఖ్యే కోరం. ఆర్ + డబ్ల్యూ > ఎన్ అయితే రాసినవాళ్లలో కనీసం ఒకరు చదివేవాళ్లలో ఉంటారు. మూడు రెప్లికాలకి రెండు, రెండు పెట్టడం మామూలు. ఒక సర్వర్ పోయినా రీడ్లు, రైట్లు రెండూ నడుస్తాయి, ఫెయిలోవర్ అనే గండమే లేదు. ఈ మాటకే చాలామంది పడిపోతారు.

కానీ ఆ లెక్క ఇచ్చే భరోసా ఎంతవరకో సీటు దగ్గరే చూడండి. మియాపూర్ నుంచి ఒకాయన, బెంజ్ సర్కిల్ నుంచి ఒకావిడ ఒకేసారి 14వ నంబర్ సీటు నొక్కారు. ఇద్దరి రిక్వెస్టులూ రెండేసి రెప్లికాలని అడిగాయి, ఇద్దరికీ "ఖాళీ" అనే వచ్చింది, అప్పటికి అది నిజమే. ఇద్దరూ రాశారు, ఇద్దరి రైట్లకీ రెండు రెప్లికాలు ఒప్పుకున్నాయి, ఇద్దరికీ "బుక్ అయింది" అని స్క్రీన్ వచ్చింది. ఆయన రైట్ టైమ్‌స్టాంప్ 10:00:05.118, ఆవిడది 10:00:05.120. కసాండ్రా పెద్ద టైమ్‌స్టాంప్ ఉన్నదాన్ని ఉంచుకుంటుంది, ఆయన బుకింగ్ ఏ ఎర్రరూ లేకుండా చెరిగిపోయింది. ఇంకా ఘోరం, టైమ్‌స్టాంప్ వేసే మెషిన్లలో ఒకదాని గడియారం 50 మిల్లీసెకన్లు ముందుంటే, నిజంగా ముందు నొక్కినవాళ్లెవరో కూడా లెక్కలోకి రాదు. చదివి, చూసి, ఆ తర్వాత రాసే ఏ పనికైనా ఇదే కథ. కసాండ్రాలో దీనికి లైట్‌వెయిట్ ట్రాన్సాక్షన్లు ఉన్నాయి, అవి లోపల పాక్సోస్ అనే కన్సెన్సస్ అల్గారిథమ్ నడుపుతాయి, అంటే మీరు తిరిగి కన్సెన్సస్ దగ్గరికే వచ్చారు, ప్రతి రైట్‌కీ అదనపు రౌండ్లు కట్టుకుంటూ.

ఇది బాగా సరిపోయేది వేరే చోట: బస్సుల జీపీఎస్ లొకేషన్లు, సెన్సర్ రీడింగులు, మెసేజ్ హిస్టరీ, ఆడిట్ లాగ్. ప్రతి రైట్ కొత్త కీతో వస్తుంది, పాతదాన్ని మార్చదు, వాల్యూమ్ బాగా ఎక్కువ, ఒక నిమిషం ఆగినా పోగుపడిపోతుంది. అలాంటిచోట కసాండ్రా గట్టిగా నిలబడుతుంది, నాకు అందులో ఏ సందేహమూ లేదు.

తీసుకునేముందు ఆపరేషన్స్ భారం కూడా లెక్కేసుకోండి. డిలీట్ చేస్తే డేటా వెంటనే పోదు, టూంబ్‌స్టోన్ అనే గుర్తు పడుతుంది, దాని గడువు డిఫాల్ట్‌గా 10 రోజులు. ఒక నోడ్ అంతకంటే ఎక్కువ కాలం డౌన్‌లో ఉండి, రిపేర్ (రెప్లికాల మధ్య తేడాలు సరిచేసే పని) లేకుండా తిరిగి క్లస్టర్‌లోకి వస్తే, మీరు డిలీట్ చేసిన డేటా లేచి కూర్చుంటుంది. రిపేర్‌ని క్రమం తప్పకుండా నడిపే మనిషి మీ టీమ్‌లో ఎవరో పేరు చెప్పలేకపోతే, ఈ ఆప్షన్ ఇప్పటికి వద్దు.

కన్సెన్సస్: పాక్సోస్, రాఫ్ట్, జ్యాబ్

నోడ్లన్నీ ఒకే లాగ్‌ని, ఒకే వరుసలో ఒప్పుకోవాలి, మధ్యలో కొన్ని పోయినా ఆ వరుస చెడకూడదు. 1985లో ఫిషర్, లించ్, పేటర్సన్ చూపించిందేంటంటే, మెసేజ్ ఎంత ఆలస్యమవుతుందో హద్దు లేని నెట్‌వర్క్‌లో ఒక్క నోడ్ ఆగిపోయే అవకాశం ఉన్నా, తప్పకుండా ముగిసే డిటర్మినిస్టిక్ (ర్యాండమ్ ఎంపికలు లేని) కన్సెన్సస్ అల్గారిథమ్ ఉండదు. అందుకే ఈ అల్గారిథమ్‌లు తప్పు నిర్ణయం ఎప్పుడూ తీసుకోకుండా జాగ్రత్తపడతాయి, అవసరమైతే నిర్ణయమే తీసుకోకుండా ఆగిపోతాయి. టైమవుట్లు వాడి ఆ ఆగిపోవడాన్ని అరుదుగా జరిగేలా చేస్తాయి.

పాక్సోస్ లెస్లీ ల్యాంపోర్ట్‌ది, పేపర్ 1998లో అచ్చయింది. రాఫ్ట్‌ని స్టాన్‌ఫర్డ్‌లో డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ఇచ్చారు, చదివేవాళ్లకి అర్థమవ్వాలనే లక్ష్యం పెట్టుకుని మరీ చేశారు. జ్యాబ్, సర్వర్ల మధ్య సమన్వయం చూసే జూకీపర్ లోపల ఉంటుంది. "రాఫ్ట్ మంచిదా, పాక్సోస్ మంచిదా" అని ఇంటర్వ్యూలో అడుగుతారు గానీ, కట్టేవాళ్లకి ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. సేఫ్టీ గ్యారంటీ రెండింటిదీ దాదాపు ఒకటే. నేర్చుకోవాలంటే రాఫ్ట్ చదవండి. కట్టాలంటే ఏదీ సొంతంగా రాయకండి, ఏళ్లుగా ప్రొడక్షన్‌లో నలిగిన ఎట్‌సీడీనో జూకీపర్‌నో తీసుకోండి. కంటైనర్లని నడిపే కుబెర్నెటీస్ ఉన్నచోట ఎట్‌సీడీ సాధారణంగా ఉంటుంది, కొత్తగా మొదలుపెడితే నా ఓటు దానికే. మెసేజ్‌లని చేరవేసే కాఫ్కా కోసం మాత్రమే జూకీపర్ నడుపుతున్నవాళ్లు ఇక బయటపడొచ్చు, 2025లో వచ్చిన కాఫ్కా 4.0లో జూకీపర్ అవసరమే తీసేశారు, రాఫ్ట్ ఆధారంగా వాళ్ల సొంత క్రాఫ్ట్ వచ్చింది.

నోడ్ల సంఖ్య మీద ప్రతిసారీ చర్చ వస్తుంది కాబట్టి చెప్తున్నా. 3 నోడ్లు ఒకటి పోతే తట్టుకుంటాయి, 5 నోడ్లు రెండు పోతే తట్టుకుంటాయి, 4 నోడ్లు మాత్రం ఒక్కదాన్నే తట్టుకుంటాయి, ఎందుకంటే మెజారిటీకి 3 కావాలి. నాలుగోదానికి డబ్బు కట్టి లాభం ఏమీ లేదు. రెండు డేటా సెంటర్లే ఉంటే ఏదో ఒకవైపు ఎక్కువ నోడ్లు పెట్టాలి, అటువైపు పోతే అంతా పోయినట్టే, కాబట్టి మూడో చోటు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఇక డిస్క్: ప్రతి కమిట్ డిస్క్‌కి చేరాకే లెక్కలోకి వస్తుంది కనుక నెమ్మదైన డిస్క్ ఉంటే హార్ట్‌బీట్లు (లీడర్ బతికే ఉన్నానని పంపే మెసేజ్‌లు) కూడా ఆలస్యమై ఊరికే కొత్త లీడర్ కోసం ఎన్నికలు మొదలవుతాయి. ఎట్‌సీడీలో డిఫాల్ట్ హార్ట్‌బీట్ 100 మిల్లీసెకన్లు, ఎన్నిక టైమవుట్ 1000. దూరపు ఊళ్ల మధ్య పరిచేటప్పుడు వీటిని పెంచుకోకపోతే లీడర్ మారుతూనే ఉంటాడు.

సగం తెగిన నెట్‌వర్క్ అన్నిటికంటే ప్రమాదం. 2020 నవంబర్ 2న ఇంటర్నెట్ సర్వీసుల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఒక స్విచ్ పూర్తిగా చావకుండా సగం పనిచేస్తూ ఉండిపోయింది. మూడు నోడ్ల ఎట్‌సీడీలో ఒక నోడ్‌కి లీడర్ కనిపించడం లేదు, మధ్య నోడ్‌కి మాత్రం ఇద్దరూ కనిపిస్తున్నారు. లీడర్ కనిపించని నోడ్ మళ్లీ మళ్లీ ఎన్నిక పిలుస్తూనే ఉంది, క్లస్టర్ రైట్లు తీసుకోలేని స్థితికి వెళ్లింది, దాని మీద ఆధారపడ్డ డేటాబేస్ వ్యవస్థలకి ఆ దెబ్బ పాకింది. వాళ్ల ఏపీఐ, డ్యాష్‌బోర్డ్ 6 గంటల 33 నిమిషాలు ఇబ్బంది పడ్డాయి. ఎన్నిక పిలిచే ముందు "నాకు గెలిచే అవకాశం ఉందా" అని అడిగి చూసుకునే ప్రీ-వోట్ అనే పద్ధతి ఇలాంటి అలజడిని తగ్గిస్తుంది. మీరు వాడే వెర్షన్‌లో అది ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి.

వీటిలో ఏం పెట్టాలి? కొద్దిపాటి, ముఖ్యమైన డేటా మాత్రమే: లీడర్ ఎవరు, ఏ షార్డ్ (డేటా ముక్క) ఎక్కడుంది, కాన్ఫిగరేషన్, లాక్‌లు. ఎట్‌సీడీ స్టోరేజ్ పరిమితి డిఫాల్ట్‌గా 2 జీబీ, 8 జీబీ దాటొద్దని వాళ్లే సూచిస్తారు. టికెట్ల టేబుల్ తెచ్చి అందులో పెట్టకండి.

లాక్‌ల దగ్గర ఆగి చూడాలి

డిస్ట్రిబ్యూటెడ్ లాక్ (పలు సర్వర్లలో ఒకసారికి ఒక్కరే పని చేసేలా చూసే తాళం) కావాలని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది: ఇద్దరికి ఒకేసారి లాక్ దొరికితే ఏమవుతుంది? ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్తుంది, ఒకే రిపోర్ట్ రెండుసార్లు తయారవుతుంది అంటే మెమరీలో డేటా దాచే రెడిస్‌లో ఎక్స్‌పైరీతో (గడువుతో) ఒక కీ పెట్టుకోండి, హాయిగా సరిపోతుంది. డేటా పాడవుతుంది అంటే రెడిస్ లాక్ ఒక్కటీ చాలదు, దాని రెప్లికేషన్ ఎసింక్, ఫెయిలోవర్‌లో లాక్ మాయమయ్యే అవకాశం ఉంది. దీని మీదే 2016లో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పరిశోధకుడు మార్టిన్ క్లెప్‌మన్‌కీ, రెడిస్ రాసిన సాల్వటోరే శాన్‌ఫిలిపోకీ మధ్య రెడ్‌లాక్ అల్గారిథమ్ గురించి పెద్ద వాదం నడిచింది, ఇద్దరి వాదనలూ చదవదగ్గవి.

అయితే జూకీపర్ లాక్ తీసుకున్నా సమస్య పూర్తిగా పోదు. వర్కర్ ఎ 10 సెకన్ల గడువుతో లాక్ తీసుకుంది, దానికి టోకెన్ (లాక్ ఇచ్చిన ప్రతిసారీ పెరిగే నంబర్) 33. వెంటనే గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీ ఖాళీ చేసే పని) వల్ల 15 సెకన్లు బిగుసుకుపోయింది. గడువు అయిపోయింది, వర్కర్ బి కి లాక్ వచ్చింది, టోకెన్ 34, అది ఫైల్‌లో రాసేసింది. ఇప్పుడు ఎ లేచింది, దాని లెక్కలో సమయం కదల్లేదు, లాక్ ఇంకా తనదే అనుకుని తనూ రాయబోయింది. దీన్ని ఆపగలిగేది చివరన ఉన్న స్టోరేజ్ ఒక్కటే: "నేను 34 చూశాను, 33 తీసుకోను" అనాలి. అంటే టోకెన్ నంబర్‌ని చివరిదాకా పంపి, అక్కడ పోల్చే కోడ్ మీరు రాయాలి. ఆ చివరి స్టోరేజ్ పోస్ట్‌గ్రెస్ అయితే ఒక కాలమ్, ఒక వేర్ కండిషన్‌తో అయిపోతుంది, చాలాసార్లు ఆ స్థితికి వచ్చేసరికి బయటి లాక్ అవసరమే ఉండదు. క్యూలోంచి పని తీసుకునే వర్కర్ల కోసమే లాక్ అడుగుతుంటే పోస్ట్‌గ్రెస్‌లోని స్కిప్ లాక్డ్ (వేరేవాళ్లు పట్టుకున్న వరుసల్ని దాటేసేది) చూడండి, కొత్త సర్వర్ ఒక్కటి కూడా పెట్టక్కర్లేదు.

సీఆర్‌డీటీ: ఎవరినీ అడక్కుండా రాయడం

సీఆర్‌డీటీ అంటే కాన్‌ఫ్లిక్ట్-ఫ్రీ రెప్లికేటెడ్ డేటా టైప్, గొడవ లేకుండా కలిసిపోయే డేటా. 2011లో మార్క్ షపీరో, ఇంకొందరు కలిసి దీనికి సరైన రూపం ఇచ్చారు. ప్రతి నోడ్ తనకి తోచినప్పుడు రాసుకుంటుంది, తర్వాత ఏ వరుసలో కలిపినా, ఎన్నిసార్లు కలిపినా అందరికీ ఒకే ఫలితం వచ్చేలా డేటాని నిర్మిస్తారు. వ్యూస్ కౌంట్ తీసుకోండి. ముంబై నోడ్ తన గడిలో 120 రాసుకుంది, హైదరాబాద్ నోడ్ తన గడిలో 92. ఎవరి గడిని వాళ్లే పెంచుతారు, కలిపేటప్పుడు ప్రతి గడికీ రెండు కాపీల్లో పెద్ద సంఖ్యని తీసుకుంటారు, మొత్తం కావాలంటే గడులన్నీ కూడతారు, 212. ఒకే అప్‌డేట్ రెండుసార్లు వచ్చినా లెక్క చెడదు.

రేటింగులు, లైకులు, షేర్ చేసుకునే లిస్టులు, ఇంటర్నెట్ లేకుండా పనిచేసి తర్వాత సింక్ అయ్యే మొబైల్ యాప్‌లు, ఒకే డాక్యుమెంట్‌లో పలువురు ఎడిట్ చేయడం, వీటన్నిటికీ ఇది చక్కగా కుదురుతుంది. ఎడిటర్ కడుతున్నవాళ్లకి వైజేఎస్, ఆటోమెర్జ్ లాంటి లైబ్రరీలు తయారుగా ఉన్నాయి. పల్లెల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట సర్వే యాప్‌లు నడిపేవాళ్లు దీన్ని సీరియస్‌గా చూడాలి. కుదరనిది ఒక్కటే, అది పెద్దదే: "బ్యాలెన్స్ సున్నా కంటే తగ్గకూడదు", "సీటు ఒక్కరికే" లాంటి నియమాలు. ఎవరినీ అడక్కుండా వాటిని కాపాడటం సాధ్యం కాదు.

రెండు మూడు సర్వీసుల మీదుగా వెళ్లే పని

సీటు ఒక సర్వీస్‌లో, పేమెంట్ ఇంకో సర్వీస్‌లో, టికెట్ మరొకదాంట్లో ఉంటే టూ-ఫేజ్ కమిట్ (అందరూ రెడీ అన్నాకే అన్నిచోట్లా ఖరారు) పెట్టాలా, సాగా (అడుగు తర్వాత అడుగు వేసి, ఒకటి తప్పితే ముందువి వెనక్కి తిప్పడం) పెట్టాలా? టూ-ఫేజ్‌లో అందరూ "రెడీ" అన్నాక అందరినీ నడిపించే కోఆర్డినేటర్ పడిపోతే, రెడీ అన్నవాళ్లంతా లాక్‌లు పట్టుకుని దానికోసం ఎదురుచూస్తారు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండటానికి కారణం లేకపోలేదు. ఒకే కంపెనీలో, ఒకే డేటా సెంటర్‌లో, రెండు డేటాబేస్‌ల మధ్య, కోఆర్డినేటర్‌ని చూసుకునే మనుషులుంటే సరే. బయటి పేమెంట్ గేట్‌వే మధ్యలో ఉన్నప్పుడు ఆ ఆప్షనే లేదు, సాగానే.

సాగా ఎలా ఉంటుందో మనందరికీ యూపీఐలో అనుభవమే. మన ఖాతాలో డెబిట్ ఒక అడుగు, అవతలివాళ్లకి క్రెడిట్ ఇంకో అడుగు, రెండోది కుదరకపోతే మొదటిదాన్ని వెనక్కి తిప్పే రివర్సల్. ఆ మధ్యలో ఉన్న స్థితినే స్క్రీన్ మీద పెండింగ్ అని చూస్తాం. 2019లో ఆర్‌బీఐ దీనికి గడువు కూడా పెట్టింది: డెబిట్ అయి లబ్ధిదారుకి చేరని యూపీఐ ట్రాన్స్‌ఫర్‌ని మరుసటి రోజుకల్లా వెనక్కి వేయాలి, దాటితే రోజుకి ₹100. డిజైన్ చేసేవాళ్లకి ఇందులో ఉన్న పాఠం నాకు చాలా ఇష్టం: మధ్య స్థితికి పేరు పెట్టారు, యూజర్‌కి దాచకుండా చూపించారు, ఎంతసేపు ఉండొచ్చో గడువు రాశారు. మీ సాగాలో కూడా ప్రతి అడుగుకీ ఈ మూడూ రాయండి, ప్రతి రిక్వెస్ట్‌కీ ఐడెంపొటెన్సీ కీ (అదే రిక్వెస్ట్ మళ్లీ వస్తే గుర్తుపట్టే నంబర్) పెట్టండి, ఎందుకంటే టైమవుట్ తర్వాత రీట్రై తప్పదు, రీట్రై వల్ల డబ్బు రెండుసార్లు కట్ కాకూడదు.

గడియారాల గురించి క్లుప్తంగా. ఏది ముందు జరిగిందో తేల్చడానికి సర్వర్ టైమ్‌ని నమ్మొద్దు. వరుస కావాలంటే 1978 నాటి ల్యాంపోర్ట్ క్లాక్ (టైమ్ బదులు పెరుగుతూ పోయే నంబర్) చాలు, రెండు రైట్లు ఒకదాని గురించి ఒకటి తెలియకుండా జరిగాయా అని పట్టుకోవాలంటే వెక్టర్ క్లాక్ (నోడ్‌కో నంబర్) కావాలి. గూగుల్ డేటాబేస్ స్పానర్ జీపీఎస్, అటామిక్ గడియారాలు పెట్టుకుని, అనిశ్చితి ఎంతో కొలిచి, అంతసేపు ఆగి కమిట్ చేస్తుంది. 2012 పేపర్‌లో ఆ అనిశ్చితి 1 నుంచి 7 మిల్లీసెకన్లు. ఆ హార్డ్‌వేర్ లేని కాక్రోచ్‌డీబీ డిఫాల్ట్‌గా 500 మిల్లీసెకన్ల తేడా వరకు లెక్కలో పెట్టుకుంటుంది, నోడ్ గడియారం ఆ హద్దుకి దగ్గరగా జారితే అది తనంతట తానే ఆగిపోతుంది. బైజాంటైన్ అల్గారిథమ్‌లు అంటే నోడ్లే అబద్ధం చెప్పే పరిస్థితికి. ఎఫ్ మంది మోసగాళ్లని తట్టుకోవడానికి 3ఎఫ్+1 నోడ్లు కావాలి. ఒకరినొకరు నమ్మని సంస్థలు కలిసి నడిపే సిస్టమ్ కాకపోతే వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

బస్సు సైట్‌కి నేనైతే

సీట్లు, వాలెట్, టికెట్లు ఒకే పోస్ట్‌గ్రెస్‌లో, ఒకే రీజియన్‌లోని మూడు జోన్లలో, ఇద్దరు ఫాలోవర్లలో ఎవరో ఒకరి సింక్‌తో. రెండో ఊరిలో ఎసింక్ కాపీ, చేతితో మార్చే ఫెయిలోవర్. ధరలు, టైమింగులు ఫాలోవర్ల నుంచో క్యాష్ నుంచో చదివించి, బుక్ నొక్కినప్పుడు మాత్రం లీడర్ దగ్గర సరిచూస్తాను. ఇప్పుడే రాసిన యూజర్ తన టికెట్ తను చూసుకునేటప్పుడు కూడా లీడర్ నుంచే, లేకపోతే రెప్లికా ల్యాగ్ (కాపీ వెనకబడటం) వల్ల "నా టికెట్ ఏది" అని టెన్షన్ పడి మళ్లీ బుక్ చేస్తారు. వ్యూస్, రేటింగులకి ఊరికో కౌంటర్ పెట్టి కలుపుకుంటాను. జీపీఎస్ లొకేషన్ల వాల్యూమ్ ఒక మెషిన్‌కి మించితే అప్పుడు కసాండ్రా, అంతకుముందు వద్దు. పేమెంట్‌కి సాగా. ఎట్‌సీడీని ఫెయిలోవర్ టూల్ వాడుకుంటుంది, అప్లికేషన్ కోడ్ దాన్ని ముట్టుకోదు. అనేక దేశాల్లో ఒకేసారి రైట్లు తీసుకోవాల్సిన రోజు వస్తే స్పానర్ తరహా డేటాబేస్ చూడొచ్చు, లేటెన్సీ లెక్క ముందే వేసుకుని.

ఏది ఎంచుకున్నా కొనే ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని విరగ్గొట్టి చూడండి. లోడ్ నడుస్తుండగా లీడర్ ప్రాసెస్‌కి స్టాప్ సిగ్నల్ పంపి 30 సెకన్లు ఆపి, తర్వాత కంటిన్యూ ఇవ్వండి. చంపడం కంటే ఇలా గడ్డకట్టించి లేపడంలోనే ఎక్కువ తప్పులు బయటపడతాయి. తర్వాత ఫైర్‌వాల్ రూల్‌తో ఒకవైపు ప్యాకెట్లు మాత్రమే ఆపండి. ఈ రెండు సమయాల్లోనూ క్లయింట్ వైపు "ఓకే" వచ్చిన ప్రతి రైట్‌ని ఒక ఫైల్‌లో రాసిపెట్టి, అంతా కుదుటపడ్డాక డేటాబేస్‌లో అవి ఉన్నాయో లేవో పోల్చండి. కైల్ కింగ్స్‌బరీ జెప్సెన్ పేరుతో ఏళ్లుగా చేస్తున్నది ఇలాంటి పనే, ఇంకా లోతుగా. మీరు చూస్తున్న డేటాబేస్ మీద ఆయన రిపోర్ట్ ఉంటే ముందు అది చదవండి, అందులోని వెర్షన్, సెట్టింగులు మీవాటితో కలుస్తున్నాయో లేదో మాత్రం చూసుకోండి, ఎందుకంటే డిఫాల్ట్ సెట్టింగులతో పోయిన డేటా సరైన సెట్టింగుతో పోకపోవచ్చు, మీ క్లస్టర్ ఇప్పటికీ డిఫాల్ట్‌ల మీదే నడుస్తూ ఉండొచ్చు.